గోలు వెనుక ఇటుక

పోయిన వారం శ్రీరాంపూర్‌లో ఒక మనిషి చనిపోయాడు. క్వార్టర్ ముందు షామియానా వేసి పడుకోబెట్టారు. వచ్చినవాళ్లు పూలదండలు తెచ్చారు, అగరొత్తులు తెచ్చారు. మా అబ్బాయి మాత్రం పాత తువాలలో చుట్టి ఒక ఇటుక తెచ్చాడు. మూలలు అరిగిపోయి, సున్నం మరకలు పట్టిన ఇటుక. దాన్ని ఆయన పాదాల దగ్గర పెట్టి పక్కకు జరిగి నిలబడ్డాడు.

ఊరి బయటి నుంచి వచ్చిన చుట్టాలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆయనతో కలిసి బొగ్గుబాయిలో పనిచేసినవాళ్లు మాత్రం ఏమీ అడగలేదు. ఒక ముసలాయన ఇటుకను చూసి నవ్వబోయి నోటికి తువాల అడ్డం పెట్టుకున్నాడు. తర్వాత ఆ తువాల చాలాసేపు తీయలేదు.

ఆ ఇటుక కథ తెలిసినవాళ్లకు కూడా సగమే తెలుసు. మిగతా సగం ముగ్గురికే తెలుసు, అందులో ఒకరు ఇప్పుడు లేరు. నాకు అక్షరాలు పెద్ద వయసులో వచ్చాయి. కొడుకు ఉద్యోగంలో చేరాక మహిళా సంఘం గదిలో కూర్చుని నేర్చుకున్నాను. రాయడం ఇప్పటికీ మెల్లగానే సాగుతుంది. మెల్లగానే రాస్తాను.

ఆయన మా బాయి ఫుట్‌బాల్ టీముకు గోల్‌కీపర్. చూస్తే ఎవరూ నమ్మరు. పొట్టి మనిషి. భుజాలు వెడల్పు, చేతులు పొడుగు, చెవులు పెద్దవి. ఎడమ చెంప మీద బొగ్గుపొడి చర్మం కిందికి దిగి నిలిచిపోయిన నల్లటి గీత ఒకటి ఉండేది. నవ్వితే ఆ గీత వంగేది. ఉద్యోగం బాయి లోపల టింబర్ పని. అంటే బొగ్గు తీసిన చోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం, పైబండ గట్టిగా ఉందో లేదో చూసి లోపలికి పొమ్మని చెప్పడం. ఆయన చెప్పాకే బొగ్గు నింపేవాళ్లు ముందుకు పోవాలి.

నా పని భూమి మీద, ఆ మైదానంలోనే. మామూలు రోజుల్లో ఊడవడం, చెట్లకు నీళ్లు పోయడం. ఆటల రోజుల్లో తాడు కట్టి, దాని వెంట సున్నంపొడి పోసి గీతలు వేయడం. గీత అంటే నాకు ముందు వచ్చింది ఆ సున్నపు గీతే, పలక మీది గీత తర్వాత. ఆట మధ్యలో గీతలు చెరిగిపోతాయి గనుక సున్నం డబ్బా పట్టుకుని గోలు వెనుక కూర్చునేదాన్ని. అక్కడి నుంచి ఆట పెద్దగా కనబడదు. గోల్‌కీపర్ వీపు కనబడుతుంది, మాట వినబడుతుంది. ఆయన వీపు నాకు తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదనుకుంటాను.

మామూలు ఆటలో ఆయన గొప్ప కీపరేమీ కాదు. ఎత్తుగా వచ్చే బంతి అందేది కాదు. ఆయన గొప్పతనమంతా పెనాల్టీల దగ్గరే. ఆట సమంగా ముగిసిపోతే ఒక్కొక్కరినీ పిలిచి బంతి తన్నిస్తారు కదా. తన్నేవానికి అంత పెద్ద గోలు, కాపాడేవానికి రెండే చేతులు. ఎట్లా చూసినా తన్నేవాడే గెలవాలి. ఈయన ముందు మాత్రం తన్నేవాళ్లు ఆకాశంలోకి కొట్టేవారు, పక్కకు కొట్టేవారు, లేకపోతే చిన్నపిల్లవాడు విసిరినట్టు మెత్తగా ఆయన చేతుల్లోకే కొట్టేవారు.

వేరే కీపర్లు అరిచేవారు, గంతులు వేసేవారు, చేతులు ఊపేవారు. ఈయన ఎన్నడూ గొంతు పెంచలేదు. బంతి పెట్టే చోటుదాకా మెల్లగా నడిచిపోయి, ఇంటికి వచ్చిన చుట్టాన్ని పలకరించినట్టు అడిగేవాడు.

"ఏం తిన్నవు బిడ్డా?"

ఎదుటివాడు జవాబు చెప్పకూడదనే అనుకుంటాడు. కానీ పెద్దమనిషి అడిగితే నోరు ఊరుకోదు. "అన్నం" అంటాడు.

"అన్నమని ఎరుకే. కూరేంది?"

"ఆలుగడ్డ."

"ఆలుగడ్డ తిని పెనాల్టీ కొట్ట వచ్చినవా? కడుపు ఉబ్బరం గాదా?"

అంతే. తిరిగి గోలు దగ్గరికి వచ్చేస్తాడు. అప్పటిదాకా బంతిని, మూలను చూసుకుంటున్న ఆ పిల్లవాడు ఇక తన కడుపును చూసుకోవడం మొదలుపెడతాడు.

ఇంకొకసారి మందమర్రి వైపు నుంచి వచ్చిన ఒకడిని, నిరుడు మీదికెల్లి కొట్టింది నువ్వే గదా అని అడిగాడు. నేను కాదు కాకా, అది మా అన్న అన్నాడు వాడు. ఈయన చాలా విచారంగా తల ఊపి, అయితే మీ ఇంట్ల అందరూ మీదికెల్లే కొడ్తరన్నట్టు అన్నాడు. వాడు నిజంగానే గోలు పైని అడ్డకట్టె మీదినుంచి కొట్టాడు. ఆ బంతి రోడ్డు దాటి టీ కొట్టు రేకుల మీద పడింది. గెలిచినా ఓడినా ఆట అయ్యాక తన్నినవాడి దగ్గరికి పోయి భుజం మీద చేయి వేసి, ఇంటి కష్టసుఖాలు అడిగేవాడు. అప్పుడు అడిగేవి మాత్రం నిజంగా తెలుసుకోవాలనే అడిగేవాడు.

నన్ను కూడా వదిలేవాడు కాదు. తన్నేవాడు నాలుగడుగులు వెనక్కి వేసి ఊపిరి పీల్చుకుని సిద్ధమయ్యే వేళకు చేయి పైకెత్తి నన్ను పిలిచేవాడు.

"వదినె, గీ గీత జర వంకర పోయింది సూడు."

నేను డబ్బా పట్టుకుని వచ్చి వంగి చూసేదాన్ని. గీత సాపుగానే ఉందని చెప్పేదాన్ని. నీ కన్ను మీద నాకు భరోసా గని నా కన్ను మీదనే లేదంటూ ఇంకొకసారి చూడమనేవాడు. అవతల తన్నేవాని కాళ్లు బరువెక్కుతుండేవి. నా గీతలు ఎన్నడూ వంకర పోలేదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. కోపం వచ్చేది, నవ్వూ వచ్చేది. మైదానంలో వేల మంది ఉన్నా నా పని బాగుందో లేదో అడిగే మనిషి మరొకరు లేరు.

వీటన్నిటి తర్వాత ఇటుక.

గోలు వెనుక, నా డబ్బా పక్కన ఆ ఇటుక ఉండేది. ప్రతి పెనాల్టీకి ముందు ఆయన వచ్చి దాన్ని తీసుకుని గోలు మధ్యలో, అడ్డకట్టె కింద పెట్టేవాడు. దాని మీదికి ఎక్కి, ఎడమ అరచేతిని పూర్తిగా పరిచి అడ్డకట్టెకు ఆనించేవాడు. కుడిచేతి వేళ్ల కణుపులతో కట్టెను మెల్లగా కొట్టేవాడు. చెవి పైకి పెట్టి వినేవాడు. కొంచెం జరిగి మళ్లీ కొట్టేవాడు. తృప్తి అయ్యాక దిగి, ఇటుకను తిరిగి తెచ్చి నా డబ్బా పక్కన పెట్టేవాడు. అది ఇనుప పైపు. అది కూలేదీ కాదు, పగిలేదీ కాదు.

జనం పొట్ట పట్టుకుని నవ్వేవారు. రెఫరీగా వచ్చేది బాయిలో సేఫ్టీ చూసే ఒక సార్. మొదటిసారి ఆయన ఈల ఊదుకుంటూ వచ్చి ఇదేం వేషమని గద్దించాడు. ఈయన ఇటుక మీది నుంచి దిగకుండానే జవాబిచ్చాడు.

"మీదికెల్లి కట్టె పడితే జిమ్మేదారి ఎవలు సార్? పడదని మీరు జిమ్మ తీసుకోండ్రి, ఇప్పుడే దిగుత."

రోజూ బాయిలో పైబండ చూసుకోకుండా అడుగు వేయొద్దని చెప్పే మనిషి, చూసుకోవద్దని ఎట్లా అంటాడు? నవ్వు ఆపుకుని తొందరగా కానీయమన్నాడు. అప్పటి నుంచి ఇటుకను ఎవరూ ఆపలేదు. బస్తీలో పిల్లలు రాళ్ల మీదికి ఎక్కి బస్టాండు రేకులను కొట్టి వినడం ఆటగా పెట్టుకున్నారు.

ఆ చప్పుడు వింటే నవ్వు రానివాళ్లం బస్తీలో ఇద్దరమే ఉన్నాం. నేను, మా అబ్బాయి.

మా ఇంటాయన బొగ్గు నింపే పని చేసేవాడు. గట్టి బండ కొడితే గంటలా పలుకుతుందని, విడిపోయిన బండ పగిలిన కుండలా పలుకుతుందని చెప్పేవాడు. అంగట్లో కుండ కొనేటప్పుడు కూడా చెవి దగ్గర పెట్టుకుని అట్లాగే కొట్టి చూసేవాడు. ఒకరోజు మొదటి షిఫ్టులో పైబండ కూలి ఆయన దాని కింద పడిపోయాడు. నాకు మైదానంలో దొరికింది ఆయన బదులు ఇచ్చిన ఉద్యోగమే.

ఆ షిఫ్టులో ఆ చోట బండ చూసి లోపలికి పొమ్మన్నది ఈ గోల్‌కీపరే. అది బస్తీ అంతటికీ తెలుసు. విచారణ జరిగింది. ఎవరి తప్పూ లేదని తేల్చారు. శవాన్ని ఇంటికి తెచ్చిన రోజు ఈయన మా గోడ బయట నిలబడ్డాడట. రమ్మన్నా లోపలికి రాలేదట. నేను చూడలేదు, పక్కింటివాళ్లు తర్వాత చెప్పారు.

మైదానంలో రోజూ కనబడేవాడు. సున్నం మూట దించిపెట్టేవాడు, నీళ్ల బిందె మోసేవాడు. ఆ రోజు సంగతి ఒక్కసారి కూడా ఎత్తలేదు. నేనూ అడగలేదు. తప్పు నాదే అని ఆయన అంటే ఈ మనిషి ముఖం రోజూ ఎట్లా చూడాలి? మీ ఆయనదే అంటే ఎట్లా ఓర్చుకోవాలి? అడగకపోతే రెండూ లేవు. కానీ మా అబ్బాయి అట్లా ఊరుకునే రకం కాదు. చిన్నప్పటి నుంచీ వాడిది ఒకటే ప్రశ్న. ఆ కాక బండ చూసిండా, చూడకుంటనే బాపును పంపిండా అని. విచారణలో తేలింది కదా అనేదాన్ని. అన్నం మీద నుంచి లేచిపోయేవాడు.

వాడు పెద్దవాడై ఇంకో బాయిలో ఫిట్టర్‌గా చేరాడు. ఆ బాయి టీములో ఆడేవాడు. ఎడమకాలు గట్టిది. ఆ సంవత్సరం బాయిల మధ్య పోటీలో చివరి ఆట మా రెండు బాయిలకే పడింది. ఆట సమమైంది, పెనాల్టీలదాకా వచ్చింది. నలుగురు తన్నాక కూడా సమంగానే ఉంది. వాళ్ల వైపు చివరిగా తన్నవలసింది మా అబ్బాయి.

మిగతావాళ్లందరినీ ఏం తిన్నావని అడిగిన మనిషి మా వాని దగ్గరికి మాత్రం రాలేదు. వానిని ఎన్నడూ ఆటపట్టించేవాడు కాదు. నన్ను గీత చూడమని కూడా పిలవలేదు. ఇటుక మాత్రం తీసుకుపోయాడు. ఎక్కాడు. అరచేయి ఆనించాడు. కొట్టాడు, విన్నాడు. జరిగి మళ్లీ కొట్టాడు. జనం నవ్వుతున్నారు.

ఆయన దిగి ఇటుకను చేతిలోకి తీసుకున్నాక మా అబ్బాయి బంతిని అక్కడే వదిలి గోలు దగ్గరికి నడిచి వచ్చాడు. గొంతు పెంచలేదు. ఆయన దగ్గరే నేర్చుకున్నట్టు, పలకరింపుగానే అడిగాడు.

"కాకా, ఆ దినం గూడ గింత సేపు చూసినవా?"

నా చేతిలో సున్నం డబ్బా ఉంది. దాన్ని కింద పెట్టాలని కూడా తోచలేదు. ఆయన వీపు చూస్తున్నాను. ఆ వీపు కదలలేదు. మా వాడు తిరిగి పోయాడు. ఆయన ఇటుక చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడి ఉంటే రెఫరీ వచ్చి దాన్ని తీసుకుని పక్కన పడేశాడు. ఈల ఊదాడు. బంతి ఆయనకు జానెడు దూరం నుంచే లోపలికి పోయింది. చేయి లేవలేదు.

తర్వాత మా బాయివాళ్ల వంతు. వాళ్లు తన్నింది పక్కకు పోయింది. కప్పు పోయింది.

ఆ రోజు మావాళ్లు ఆయనను ఎన్ని మాటలన్నారో రాయడం నాకు ఇష్టం లేదు. అమ్ముడుపోయాడన్నారు. వయసు అయిపోయిందన్నారు. ఆయన బూట్లు విప్పి చేత పట్టుకుని, వట్టికాళ్లతో ఇంటివైపు నడిచిపోయాడు. దూరంగా ఉన్నవాళ్లకు మా వాడేదో అన్నాడని తెలిసింది కానీ ఏమన్నాడో వినబడలేదు. కీపర్‌కు కీపర్ మందే వేశాడని మెచ్చుకున్నారు.

ఇంటికి వచ్చాక వాని ముందు అన్నం పెట్టాను. నేనే మొదలుపెట్టాను.

"ఆటల గెలిచెతందుకు మీ బాపును వాడుకున్నవు."

వాడు తల ఎత్తాడు. "నేను ఒక్కసారి వాడుకున్న అవ్వా. ఆయన ప్రతి ఆటకూ వాడుకుంటలేడా? ఆ కొట్టుడు ఎక్కడిది? జనం నవ్వుతుంటే నాకు ఎట్లుంటదో ఎన్నడన్న అడిగినవా?"

వాడన్నది తప్పని అనలేకపోయాను. నేను కూడా గోలు వెనుక కూర్చుని ఎన్నోసార్లు అదే అనుకున్నాను. పైబండ చూసే పనిని నవ్వులాటగా చేసి ఆటలు గెలుస్తున్నాడని.

మరునాడు పొద్దున్నే మైదానంలో పాత సున్నం గీకుతుంటే ఆయన వచ్చాడు. డ్యూటీకి పోయే బట్టల్లోనే ఉన్నాడు. ఎప్పటిలాగా మూట ఎత్తలేదు, బిందె ఎత్తలేదు. నాకు కొంచెం ఎడంగా నేల మీద కూర్చున్నాడు. ఎక్కువ చెప్పలేదు. చెప్పిందంతా నేల చూస్తూనే చెప్పాడు.

బండ చూడడానికి రెండు చేతులు కావాలట. ఒక చేతిలో కర్రతో కొట్టి వినాలి, ఇంకో చేతిని బండకు ఆనించి ఉంచాలి. చెవికి వినబడని వణుకు అరచేతికి తెలుస్తుందట. ఆ రోజు అక్కడ బొగ్గు తీసి తీసి పైకప్పు ఎత్తయింది. కర్ర అందింది, చేయి అందలేదు. ఎక్కి నిలబడడానికి ఒక దుంగ ముక్క వెనుక మలుపు దగ్గర ఉంది. పోయి తేవాలి. కర్రతో కొట్టి చూస్తే గంటలాగే పలికింది. అది చాలనుకున్నాడు.

"మంచిగున్నది అన్నా, పో అని చెప్పిన. అన్న పోయిండు" అన్నాడు. "చెవి ఒక్కదాన్నే నమ్మిన వదినె. చెయ్యి పెట్టలే."

ఇటుక సంగతి అప్పుడు తెలిసింది. ఆ ప్రమాదం తర్వాత బాయిలో ఏ పైకప్పు చూసినా ఏదో ఒకటి వేసుకుని ఎక్కి చేయి పెట్టేవాడట. గోలు దగ్గర కూడా తలమీద అడ్డంగా ఒక కట్టె కనబడితే చేయి పెట్టకుండా నిలబడలేకపోయేవాడట. మొదట జనం నవ్వారు. తన్నేవాళ్లు తడబడ్డారు. తడబడుతున్నారని చూసి దాన్ని ఆటలో పెట్టుకున్నానని ఆయనే ఒప్పుకున్నాడు. రెండూ నిజమే వదినె, ఒకటి ఎక్కడ అయిపోయి ఇంకోటి ఎక్కడ మొదలైతదో నాకే తెల్వది అన్నాడు.

నాకు ఏడుపు రాలేదు. కోపం వస్తుందని చూశాను, అదీ పూర్తిగా రాలేదు. ఇన్నేళ్లు సున్నం మూటలు దించిన చేతులను చూస్తూ కూర్చున్నాను.

"నాకు చెప్పుడు కాదు. వాడు అడిగిండు. వానికి చెప్పు" అన్నాను.

సాయంత్రం మా ఇంటికి వచ్చాడు. వచ్చి మళ్లీ ఆ గోడ బయటే నిలబడ్డాడు. మా అబ్బాయి బయటికి పోయాడు. నేను గుమ్మంలో ఉన్నాను. పొద్దున నాకు చెప్పిందే వానికీ చెప్పాడు. ఒక్క మాట పెంచలేదు, ఒక్క మాట తగ్గించలేదు. మా వాడు చివరిదాకా విని ఒకటే అడిగాడు.

"చెయ్యి పెడితే తెలుస్తుండెనా కాకా?"

"తెల్వది బిడ్డా. పెట్టలే గదా."

తెలిసేదని చెబితే తన తప్పు తనే ఒప్పుకున్నట్టు అయ్యేది. తెలిసేది కాదంటే తప్పించుకున్నట్టు అయ్యేది. ఆయన రెండూ చెప్పలేదు. ఎన్నో మాటలతో ఎంతోమందిని తికమక పెట్టిన మనిషి నోటి నుంచి అంత సాదాగా వచ్చిన మాట నేను మళ్లీ వినలేదు. మా వాడు లోపలికి వచ్చి పడుకున్నాడు. ఆయన ఎప్పుడు పోయాడో చూడలేదు.

ఆ తర్వాత ఏడాదంతా ఆయన మైదానంలో నోరు విప్పలేదు. ఏం తిన్నావని ఎవరినీ అడగలేదు. గీత వంకర పోయిందని నన్ను పిలవలేదు. ఇటుక నా డబ్బా పక్కనే ఉండిపోయింది. పెనాల్టీలు వస్తే గోలులోకి పోయి చేతులు చాపి నిలబడేవాడు, తన్నినవన్నీ లోపలికి పోయేవి. ముసలోడు పనికిరాకుండా పోయాడని అన్నారు. ఇంకొకరు లేక ఉంచారు. ఒకసారి నేనే ఉండబట్టలేక, గీత ఎట్లుందో చూడరాదా అన్నాను. నీ గీత ఎన్నడు వంకర పోయింది వదినె అన్నాడు. అది విన్నాక నాకు ఇంకా దిగులైంది.

మళ్లీ పోటీలు వచ్చాయి. ఈసారి చివరి ఆట కాదు, దానికి ముందుది. మళ్లీ ఆ రెండు బాయిలే, మళ్లీ పెనాల్టీలే. మా అబ్బాయి వంతు వచ్చింది. అది లోపలికి పోతే మా బాయి పని అయిపోతుంది. ఆయన గోలులో నిలబడి ఉన్నాడు. రెఫరీ ఈల నోట్లో పెట్టుకున్నాడు.

మా వాడు బంతి దగ్గర నుంచి కదిలాడు. గోలు పక్క నుంచి వెనక్కి వచ్చి, నా ముఖం చూడకుండా నా పక్కనున్న ఇటుకను తీసుకున్నాడు. తీసుకుపోయి అడ్డకట్టె కింద, గీత మీద పెట్టాడు.

"ఎక్కు కాకా. చూసుకో."

జనంలో కేకలు లేచాయి. ఈ పోరడు కీపర్‌ను మించిన జాదూగాడని ఎవరో అరిచారు. ఆయన ఇటుకను చూశాడు, వానిని చూశాడు. వాని ముఖంలో ఏముందో నాకు కనబడలేదు. ఆయనకు కనబడింది. ఎక్కాడు. ఎడమ అరచేయి ఆనించాడు. కుడిచేత్తో కొట్టాడు. మైదానం అవతల జనం గోల చేస్తున్నా నాకు ఆ చప్పుడు ఒక్కటే వినబడింది.

దిగి గోలులో నిలబడ్డాడు. మా వాడు అక్కడి నుంచి కదలలేదు.

"ఎట్లున్నదో చెప్పు కాకా. చెప్తెనే పోత."

ఆయన వాని వైపు తిరిగాడు. "మంచిగున్నది బిడ్డా" అన్నాడు. "పో."

మా వాడు పోయాడు. రెఫరీ ఈల ఊదాడు. వాడు మెత్తగా తన్నలేదు. ఎంత బలముందో అంతా పెట్టి తన్నాడు. బంతి ఎడమ మూలకు వచ్చింది. ఈయన అంతకుముందే దూకాడు. ఆ పొట్టి ఒళ్లు అంత దూరం సాగడం నేను ఎన్నడూ చూడలేదు. ఎడమ అరచేయి పూర్తిగా పరిచి ఉంది. బంతి ఆ అరచేతికి తగిలింది. తగిలిన చప్పుడు నాకు వినబడింది. తగిలి, వంగి, స్తంభం లోపలి వైపు నుంచి లోపలికి పోయింది.

మా బాయి మళ్లీ ఓడింది. ఈసారి అమ్ముడుపోయాడని ఎవరూ అనలేదు.

ఆయన నా సున్నపు గీత మీద బోర్లా పడి ఉన్నాడు. లేచి మోకాళ్ల మీద కూర్చుని తన ఎడమ అరచేతిని చూసుకున్నాడు. మా అబ్బాయి సంబరపడుతున్న వాళ్ల నుంచి విడిపించుకుని వచ్చి ఆయన ముందు కూర్చున్నాడు.

"చెయ్యి పెట్టిన బిడ్డా" అన్నాడు ఆయన.

"పెట్టినవు కాకా. చూసిన." మా వాడు ఆ అరచేతికి అంటిన సున్నం తుడిచాడు. "అయినా పోయింది."

ఇద్దరూ అట్లా ఎంతసేపు కూర్చున్నారో చెప్పలేను. నేను గీత సరిచేసే పని ఉన్నట్టు పక్కకు తిరిగాను. ఆ తర్వాత ఆయన మా ఇంటికి వచ్చినప్పుడు గోడ బయట నిలబడలేదు. లోపలికి వచ్చి కూర్చుని చాయ్ తాగేవాడు. రిటైరయ్యే దాకా ఇటుక ఎక్కాడు, ఏం కూర తిన్నావని అడిగాడు, నా గీతలు వంకర పోయాయని నన్ను పిలిచాడు.

పోయిన వారం పాడె ఎత్తే ముందు మా అబ్బాయి వంగి పాదాల దగ్గరి ఇటుకను తీసుకుని మళ్లీ తువాలలో చుట్టాడు. అది ఆయనతో పోవాలేమో కదా అని మెల్లగా అన్నాను.

"మళ్ల గోలు ఎన్కనే పెట్టొస్త అవ్వా" అన్నాడు. "ఇంకెవలికన్న చెయ్యి అందకపోతే ఉంటది."